ఒక్కటీ పోనివాళ్ళు

ముందే చెప్పేస్తాను: రసజ్ఞకు జూలైలో పాప పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. ఆ వేసవిలో మా ఇంట్లో జరిగిన గొడవకూ, పాప బాగుండటానికీ ఏ సంబంధమూ లేదు. ఒకవేళ బాగుండకపోయి ఉంటే దానికీ సంబంధం ఉండేది కాదు. ఈ మాట ముందు పెట్టకపోతే చివరిదాకా చదివి, "చూశావా, అంతా మంచే జరిగింది" అనేవాళ్ళుంటారు. వాళ్ళకు ఆ అవకాశం ఇవ్వడం నాకిష్టం లేదు.

గొడవ మార్చి నెలాఖరులో నా నోటితోనే మొదలైంది. రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్క టవర్‌లో ఒక పరిశోధన ల్యాబ్ ఉంది. అందులో పనిచేస్తాను. మా పైన ఆరు అంతస్తుల్లో అమెరికా బ్యాంకుల సాఫ్ట్‌వేర్, మా అంతస్తులో మాయ కణాలు. మాయ అంటే ప్లాసెంటా, పురిట్లో బిడ్డ వెనకాల బయటపడేది. గర్భం వచ్చిన మొదటి వారంలోనే కణాలు రెండు దారులు పడతాయి. కొన్ని బిడ్డ అవుతాయి, కొన్ని మాయ అవుతాయి. అన్నింటిలోనూ డీఎన్‌ఏ ఒకటే. అందులో ఏది చదవాలో, ఏది వదిలేయాలో చెప్పడానికి దాని మీద మిథైల్ గుర్తులని చిన్న రసాయన గుర్తులుంటాయి. మేము ఎలుకల్లో ఆ గుర్తులు పడకుండా చేసి, ఏమవుతుందో చూస్తున్నాం. అండంలోనే పడాల్సిన గుర్తులు పడకపోతే, తర్వాత తయారైన మాయ కణాలు ఒకదాన్నొకటి సరిగా పట్టుకోలేకపోయాయి. ప్లేటులో విడివిడిగా తేలుతూ కనబడ్డాయి. మూడేళ్ళ పని అది. ఆ సాయంత్రం మెట్రోలో నిలబడి వస్తున్నా కూర్చున్నంత హాయిగా ఉంది నాకు.

ఆ సంతోషంలో అన్నాల దగ్గర నోరు జారాను. కేపీహెచ్‌బీలో మా ఫ్లాట్‌లో ఉండేది నలుగురం. నేను, నా భర్త శ్యామ్, మామగారు రామబ్రహ్మం, అత్తగారు భ్రమరాంబ. మామగారు కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలనిపించింది.

"స్విచ్‌బోర్డు అనుకోండి మావయ్యగారూ. ఇల్లంతా ఒకటే వైరింగు. ముట్టుకోకూడని స్విచ్‌ల మీద టేపు అంటిస్తాం కదా, ఆ టేపులాంటిదే ఈ గుర్తు. బిడ్డ కావాల్సిన కణానికి ఒకచోట టేపు పడాలి, మాయ కావాల్సిన కణానికి ఇంకోచోట."

"అంటే వైరింగులో తప్పుండదు. టేపు పడాల్సిన చోట పడకపోతే ఇబ్బంది," అన్నారు ఆయన మజ్జిగ కలుపుకుంటూ.

"అంతేనండి."

"ఆ టేపు ఎవరు వేస్తారు?" అని అడిగారు అత్తగారు. నా పని గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. నేను ఉబ్బిపోయాను.

"కొన్ని అండంలో ఉండగానే పడతాయి అత్తయ్యగారూ. అసలు గర్భం రాకముందే."

"అండం ఎవరిది?"

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "తల్లిది," అన్నాను.

"అదీ సంగతి," అని ఆమె కూర గిన్నె మీద మూత పెట్టి లేచారు.

నాకు రెండుసార్లు గర్భం వచ్చి పోయింది. ఆ సంగతి మా ఇంట్లో నలుగురికీ, రసజ్ఞకూ తప్ప ఎవరికీ తెలియదు. చుట్టాలు అడిగితే "ఇంకా ప్లాన్ చేసుకోలేదు" అని చెప్పాలి. ఆ మాట అత్తగారే తయారుచేసి నా నోట్లో పెట్టారు. ఇప్పుడు నా ల్యాబ్ ఫలితాన్ని తీసుకెళ్ళి ఆ రెండింటి పక్కన పెట్టారు. అది ఎలుకల సంగతి అనీ, నా రెండూ ఎందుకు పోయాయో ఎవరూ పరీక్ష చేయలేదనీ, చాలామందికి క్రోమోజోమ్‌ల లెక్క తప్పడం వల్ల పోతాయనీ, గుర్తు పడకపోవడం ఒకరు చేసిన తప్పు కాదనీ గబగబా చెప్పాను. అప్పటికి అందరూ చేతులు కడుక్కోవడానికి లేచారు.

రసజ్ఞ శ్యామ్ చెల్లెలు. గచ్చిబౌలిలో ఉద్యోగం, బాచుపల్లిలో అత్తవారిల్లు. అప్పటికి ఐదో నెల. మే నెల రెండో ఆదివారం వాళ్ళ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో శ్రీమంతం పెట్టుకున్నారు. ఏప్రిల్లో ఒక ఉదయం అత్తగారు బీరకాయలు చెక్కు తీస్తూ, "నీకు ఆదివారం కూడా ల్యాబ్ ఉంటుంది కదమ్మా," అన్నారు.

ఉంటుంది. కణాలకు ఆదివారం లేదు, రోజూ వాటి తిండి మార్చాలి. గంట పని. నాలుగేళ్ళుగా ఆ గంటను రోజంతా సాగదీసి పెళ్ళిళ్ళూ పేరంటాలూ తప్పించుకుంటున్నాను, "ఏమైనా విశేషమా" అని నా పొట్ట వైపు చూసే చూపులు భరించలేక. నా సాకును ఆమె భద్రంగా దాచి నాకే వడ్డించారు.

"పొద్దున్నే వెళ్ళి చూసుకుని వచ్చేస్తానండి."

"వద్దులే. ఎండలో తిరగడం దేనికి?"

"ఎండ సంగతి కాదు కదండీ ఇది."

ఆమె చెక్కు తీయడం ఆపలేదు. "మొదటి గాజులు వెయ్యడానికి ఐదుగురు ముత్తైదువల్ని చూసి పెట్టాను. ఒక్కటీ పోనివాళ్ళు వెయ్యాలి. మాలో ఆనవాయితీ. నువ్వు అక్కడుంటే ఎవరో ఒకరు నిన్నూ పిలుస్తారు. పిలిచాక వద్దంటే బాగుంటుందా? నీ మంచికే చెబుతున్నాను."

నా మంచి కోసం ఆమె చాలా చేశారు. రెండోసారి పోయినప్పుడు పక్కింటివాళ్ళకు నాకు డెంగీ అని చెప్పారు.

నాలుగు రోజుల తర్వాత రసజ్ఞ ఫోన్ చేసింది. నేను ల్యాబ్‌లో గ్లౌజులతో ఉన్నాను. స్పీకర్ పెట్టి మాట్లాడాను.

"వదినా, నీకు తెలుసు కదా, నాకు ఇలాంటివాటి మీద నమ్మకాలు లేవు."

"తెలుసు."

"కానీ భయంగా ఉంది వదినా. మీ ల్యాబ్‌లోనే తేలిందట కదా, లోపం నీ వైపే అని. అమ్మ చెప్పింది. అది అంటుకునేది కాదని నాకూ తెలుసు. అయినా ఈ ఒక్కసారికి... పాప పుట్టాక ముందు నువ్వే ఎత్తుకుందువు గాని."

పాపో బాబో ఎవరికీ తెలియదు, అది మాత్రం పాప అనే అనుకుంటోంది. ఆ సంబరం గొంతులో తెలుస్తూనే ఉంది. నేను "సరే" అని పెట్టేశాను. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మూడేళ్ళు కళ్ళు కాయలు కాసేలా మైక్రోస్కోపులో చూసి కనిపెట్టింది ఎంటెక్ చదివిన పిల్ల నోట్లో "లోపం నీ వైపే" అయిపోయింది. నేను చెప్పింది దారి గురించి. వాళ్ళు విన్నది దోషం గురించి.

ఆ సాయంత్రం శ్యామ్‌ను బాల్కనీలోకి పిలిచాను.

"ఒక్క పూటే కదా సంయుక్తా. అమ్మతో గొడవెందుకు?" అన్నాడు.

"సరే. అయితే ఆ పూట నువ్వూ వెళ్ళకు."

"నేనెందుకు వెళ్ళకూడదు? నా చెల్లెలి శ్రీమంతం."

"మాయ తల్లి ఒంట్లోంచి పుట్టేది కాదు శ్యామ్. బిడ్డతో పాటు, బిడ్డలోంచే తయారవుతుంది. అందులో సగం నువ్వు. మాయలో కొన్ని జన్యువులకు అసలు తల్లి వైపుది మూసుకుపోయి, తండ్రి వైపుదే పనిచేస్తుంది. పోయిన ఆ రెండూ నీవి కూడా. నాకు అంటు ఉంటే నీకూ ఉంది. నువ్వూ ఇంట్లో కూర్చో."

శ్యామ్ రెయిలింగ్ పట్టుకుని కిందికి చూశాడు. కింద రైతుబజారు నుంచి వచ్చేవాళ్ళ సంచులు, ఆటోల హారన్లు. "నాకు ఇలా ఎవరూ చెప్పలేదు," అన్నాడు.

"నువ్వు అడగలేదు."

బుధవారాలు నేను కూకట్‌పల్లిలో ఒక ప్రసూతి ఆసుపత్రికి వెళతాను. ఎలుక కణాలతో పోల్చి చూసుకోవడానికి మనుషుల మాయ నుంచి గోరంత ముక్క కావాలి. కొన్ని కుటుంబాలు మాయను ఇంటికి తీసుకెళ్ళి పూడ్చిపెట్టుకుంటాయి. వాళ్ళను ఒప్పించి, ఆ గోరంత ముక్క తీయించి, సంతకం పెట్టించేది అక్కడి ఆయా భూలక్ష్మి. ఆమె లేకపోతే మా ప్రాజెక్టు లేదు. మా డైరెక్టర్‌కు ఆ సంగతి తెలియదు.

"ఏంది మేడమ్, మొఖం గట్ల పెట్టినవ్?" అంది ఆ బుధవారం.

చెప్పేశాను. ఐదేళ్ళలో మా ఇంటి బయట మనిషికి ఆ రెండింటి గురించి చెప్పడం అదే మొదటిసారి. ఒక్కటీ పోనివాళ్ళను ఏరుతున్నారని కూడా చెప్పాను.

భూలక్ష్మి నవ్వింది. "ఏరమను. ఇరవై రెండేండ్ల సంది ఈ దవాఖానల్నే ఉన్న. కేసు షీటుల రాయాలె కదా, ఇంతకు ముందు ఎన్ని కాన్పులు, ఎన్ని పోయినయి అని. అత్త పక్కన ఉంటే సున్న అంటరు. అత్తను బయటికి తోలి తలుపు పెట్టినంక అప్పుడు వేళ్ళు సూపిస్తరు, ఒకటి, రెండు అని. నోటితోని మాత్రం అనరు."

"మీకు?"

"నాకు మూడు పోయినయి. నా కోడలికి గాజులు నేనే తొడిగిన. ఎవలేమన్నరు? ఇగ చెప్పు, నువ్వు పోతవా, పోవా?"

"పోతాను."

"పో. జర గట్టిగ ఉండు. అడిగినోళ్ళకు చెప్పు, అడగనోళ్ళకు గూడ చెప్పు."

ల్యాబ్‌కు వచ్చి మాయ ముక్క ఇచ్చిన తల్లుల వివరాలున్న షీటు తెరిచాను. పేర్లుండవు, నంబర్లే. అరవై నాలుగు మంది తల్లులు. వాళ్ళలో ఇరవై ఒక్కమందికి అంతకు ముందు కనీసం ఒకటి పోయింది. ఆ అంకెలు మూడేళ్ళుగా నా కళ్ళ ముందే ఉన్నాయి. నేను వాటిని లెక్కల్లో సరిచేయాల్సిన తేడాగానే చూశాను. నా మీద నాకే కోపం వచ్చింది.

శ్రీమంతం రోజు ఆరు గంటలకే ల్యాబ్‌కు వెళ్ళి, కణాలకు తిండి మార్చి, అక్కడి వాష్‌రూమ్‌లోనే పట్టుచీర కట్టుకున్నాను. సెక్యూరిటీ అతను నన్ను గుర్తుపట్టక ఐడీ కార్డు అడిగాడు. బాచుపల్లి చేరేసరికి పదిన్నర. నేనే వెళుతున్నాక శ్యామ్‌ను ఇంట్లో కూర్చోమనే పని లేదు, అతను అమ్మానాన్నలతో ముందే వచ్చాడు. క్లబ్‌హౌస్‌లో ఏసీ బాగా చల్లగా ఉంది. రసజ్ఞ ఆకుపచ్చ చీరలో కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే దాని ముఖం వాడిపోయింది. నాకు జాలి వేసింది. అయినా వెనక్కి తిరగలేదు. వెళ్ళి మూడో వరుసలో కూర్చున్నాను.

గాజుల పళ్ళెం పట్టుకుని మా అత్తగారు ముందున్నారు. ఆమె పక్కన గుడివాడ నుంచి వచ్చిన ఆమె అక్క, పెద్దత్తయ్యగారు. తర్వాత రసజ్ఞ అత్తగారు, ఆవిడ కూతురు సౌజన్య, ఆ పక్కన వాళ్ళ ఎదురు ఫ్లాటావిడ. ఐదుగురు. అత్తగారు నన్ను చూశారు, చూడనట్టు కుంకుమ భరిణె సర్దుకున్నారు.

పెద్దత్తయ్యగారికి ఏమీ తెలియదు. "సంయుక్తా, అక్కడ కూర్చున్నావేంటి? వచ్చి రసజ్ఞ పక్కన కూర్చో. నువ్వూ నాలుగు గాజులు వేయించుకో, వచ్చే ఏడు నీ వంతు," అన్నారు.

"దానికి ల్యాబ్ ఉందే అక్కా, వెళ్ళిపోవాలి," అన్నారు అత్తగారు.

నేను లేచి నిలబడ్డాను.

"ల్యాబ్ లేదండి. పొద్దున్నే చూసుకుని వచ్చాను." పెద్దత్తయ్యగారి వైపు తిరిగాను. "నాకు రెండుసార్లు గర్భం వచ్చింది పెద్దత్తయ్యగారూ. రెండూ పోయాయి. ప్లాన్ చేసుకోలేదని మీకు చెప్పింది అబద్ధం. ఒక్కటీ పోనివాళ్ళే మొదటి గాజులు వెయ్యాలట, అందుకని నన్ను రావద్దన్నారు. నేను వెయ్యను. రసజ్ఞ భయపడుతోంది, దాన్ని భయపెట్టను. కానీ రాకుండా ఉండను. ఇక్కడే కూర్చుంటాను. మీరు ఐదుగురూ వెయ్యండి."

కూర్చున్నాను. ఫోటోగ్రాఫర్ కెమెరా దించేశాడు. పిల్లలు మాత్రం వెనకాల ఏదో దొర్లిస్తూ ఆడుకుంటున్నారు.

"కానివ్వండి, ముహూర్తం దాటిపోతుంది," అన్నారు అత్తగారు.

ముందు సౌజన్య వెయ్యాలి. రెండు పచ్చ గాజులు తీసుకుంది, రసజ్ఞ చెయ్యి పట్టుకుంది. అలాగే ఆగిపోయింది.

"నాకూ ఒకటి పోయింది," అంది. "బాబుకు ముందు. అమ్మకు తెలుసు."

గాజులు పళ్ళెంలో పెట్టి పక్కకు జరిగింది. వాళ్ళమ్మ కూతురి వైపు కొరకొరా చూసింది. ఇక అరుస్తుందనుకున్నాను. ఆవిడ తన చేతిలో గాజులు కూడా పళ్ళెంలో పెట్టేసి, "నాకెందుకు తెలియదు, నాకూ ఒకటి పోయింది కాబట్టే తెలుసు," అంది విసుగ్గా, ఎవరో తనను అన్యాయంగా పట్టుకున్నట్టు.

పెద్దత్తయ్యగారు మోకాళ్ళు పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. "ఏం లెక్కలర్రా ఇవి. నాకు రెండు పోయాయో మూడు పోయాయో. ఆ రోజుల్లో ఎవరు చూసుకున్నారు?"

ఎదురు ఫ్లాటావిడ ఒక అడుగు వెనక్కి వేసి, ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టింది.

మిగిలింది మా అత్తగారు. పళ్ళెం స్టూలు మీద పెట్టి, గాజులు తీసుకుని, కూతురి చేతిని తన చేతిలోకి తీసుకున్నారు. నాకు నిజంగా ఆమె వేసేయాలనిపించింది, అంతటితో అది అయిపోవాలని. ఆమె కూతురి ముంజేతిని చూస్తూ ఉండిపోయారు. తర్వాత గాజులు చప్పుడు కాకుండా పళ్ళెంలో పెట్టేశారు.

"శ్యామ్‌కు ముందు," అన్నారు. ఎవరికి చెప్పారో తెలియదు.

గుమ్మం దగ్గర మగవాళ్ళలో నిలబడ్డ మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన పక్కనున్న శ్యామ్ వాళ్ళమ్మ వైపు చూశాడు, నాన్న వైపు చూశాడు. అతనికి తెలియదని నాకర్థమైంది. రసజ్ఞకూ తెలియదు.

"అయితే నాకెవరు వేస్తారమ్మా?" అంది రసజ్ఞ. అది నా వైపు తిరిగింది. "వదినా."

నేను కదల్లేదు. "నువ్వు నన్ను రావద్దన్నావు."

"అన్నాను. తప్పే."

"భయం పోయిందా?"

"లేదు. ఇంకా భయంగానే ఉంది," అని చెయ్యి చాపింది. "అయినా వెయ్యి."

లేచి వెళ్ళాను. దాని చేతులు వాచి ఉన్నాయి. గాజు బొటనవేలి మొదట్లో ఆగింది. నొప్పి పెడుతుందేమో అన్నాను, పెట్టనీ అంది. ఒక్కొక్కటే మొదటి నాలుగు గాజులూ నేనే ఎక్కించాను. తర్వాత సౌజన్య వేసింది, వాళ్ళమ్మ వేసింది, పెద్దత్తయ్యగారు కూర్చున్నచోటి నుంచే దాన్ని దగ్గరికి పిలిచి వేశారు. ఒకావిడ తాంబూలం కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. వెళ్ళనీ. మా అత్తగారు అందరికంటే చివర వేశారు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. భోజనాల దగ్గర నా విస్తట్లో మాత్రం అడక్కుండానే పూర్ణం బూరె ఇంకొకటి వేసి వెళ్ళారు.

సాయంత్రం కారులో వెనక సీట్లో నేనూ అత్తగారూ, ముందు శ్యామ్, మామగారు. కారు నిజాంపేట రోడ్డెక్కింది.

"మొదటిది ఎన్నో నెల?" అన్నారు అత్తగారు, కిటికీలోంచి బయటికి చూస్తూనే.

"మూడో నెల నడుస్తోంది. రెండోదీ అంతే."

"నాది నాలుగు నిండింది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి తలంటి పోశారు. మర్నాడు వంటింట్లోకి వెళ్ళాను. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఈయన కూడా."

మామగారు తల తిప్పలేదు. "భ్రమరా," అన్నారు.

ఆమెను నేను అప్పటికి క్షమించలేదు. పూర్తిగా ఇప్పటికీ లేదు. తాను పడింది ఎలా ఉంటుందో తెలిసి కూడా నన్ను అందులోనే కూర్చోబెట్టిన మనిషి. కానీ నన్ను ఎవరైనా అడిగితే బాగుండునని ఐదేళ్ళు ఎదురుచూసిన ప్రశ్న ఒకటి నా దగ్గర ఉంది. ఆమె ఎదురుచూసింది ముప్పై ఎనిమిదేళ్ళు.

"పేరేమైనా అనుకున్నారా అత్తయ్యా?" అన్నాను.

ఆమె చప్పున నా వైపు తిరిగారు. కోప్పడతారనుకున్నాను. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, వినబడీ వినబడకుండా ఒక పేరు చెప్పారు.

శ్యామ్ ఇండికేటర్ వేసి, కారు రోడ్డు పక్కకు తీసి ఆపాడు. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు. అతను సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగాడు.

"మళ్ళీ చెప్పమ్మా," అన్నాడు. "నాకు వినబడలేదు."

ఈసారి ఆమె గట్టిగా చెప్పారు.